మెట్టు బరువు

హాబోకి పని చెప్పడం సులువు, ఇక చాలించమని చెప్పడమే కష్టం. పాలకేంద్రంలో యంత్రాలు బాగుచేస్తూ బతుకంతా గడిపిన మనిషి. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, ఇంట్లో బాగున్నవాటిని కూడా విప్పి బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. గోడగడియారం అలాగే పోయింది. కాఫీమిషను కూడా అదే దారి పట్టింది. అందుకే బేకరీవాళ్ళు తమ పాత రొట్టెల వ్యాను అమ్మకానికి పెట్టారని తెలిసినప్పుడు, వెళ్ళి కొనుక్కోమని చెప్పింది అతని భార్య ఇమ్కెయే. పోనీలే, ఇల్లు బతికిపోతుందనుకుంది పాపం.

ఆమెకి మరో కారణం కూడా ఉంది. జర్మనీ ఉత్తరపు కొసన, సముద్రం పక్కనున్న మా తూర్పు ఫ్రీస్‌లాండ్ నేల సంగతి తెలిసిందే, చపాతీపీటలా చదునుగా ఉంటుంది. సముద్రపు కట్ట మీద నిలబడ్డ గొర్రే మాకు కొండ. ఇమ్కె ఈ నేల మీదే నలభై ఏళ్ళు సైకిల్ తొక్కుతూ ఉత్తరాలు పంచింది, ఎడమ మోకాలు అరగదీసుకుంది. ఆ మోకాలు పూర్తిగా మొండికెయ్యకముందే నార్వే వెళ్ళాలి, నిజమైన కొండలు నిటారుగా నీళ్ళలోకి దిగే చోట కూర్చుని టీ తాగాలి. అదొక్కటే ఆమె కోరిక. హోటళ్ళంటే ఆమెకి గిట్టదు. వాళ్ళిచ్చే టీ, గిన్నెలు కడుక్కోవడానికైతే పనికొస్తుందంటుంది.

వ్యాను వచ్చిన రోజున ఇమ్కె పక్కతలుపు దగ్గర నిలబడి కాలెత్తి చూసింది. మోకాలు ససేమిరా అంది.

“దీనికో మెట్టు పెట్టు హాబో, నాకదొక్కటి చాలు. మిగతాదంతా నీ ఇష్టం.”

ఆ ‘నీ ఇష్టం’ ఒక్కటీ అనకుండా ఉండాల్సింది.

మెట్టుదేముంది, ఒక పూట పని, ముందు పెద్ద పనులు కానీ అన్నాడు హాబో. అప్పటికి సర్దుకోమని బీరుసీసాల ప్లాస్టిక్ పెట్టె ఒకటి బోర్లించి తలుపు ముందు పెట్టాడు. ఆ ‘అప్పటికి’ మూడు వేసవులు నడిచింది.

మొదటి ఏడాది పడక. మామూలు పరుపు వేస్తే ఇమ్కె నడుముకి బాగుండదని, స్ప్రింగుల పరుపు ఒకటి తెచ్చి, కింద గట్టి బల్ల కట్టాడు. పల్చటి చెక్కతో కడితే కిర్రుమంటుందట, అందుకని ఎవరో పడగొట్టిన పశువులకొట్టం తాలూకు ఓక్ దూలాలు తెచ్చి కోయించాడు. ఒక్కో చెక్కా మోసేసరికి పక్కింటి మైనెర్ట్‌కి నడుం పట్టేసింది. చెక్క మిగిలింది కదా అని గోడలకీ కొట్టాడు, పైకప్పుకీ కొట్టాడు. తర్వాత ఇమ్కెకి చలి వేస్తుందని హీటరు. అది మొదటిసారి వెలిగించినప్పుడు వెచ్చదనానికి గోడల్లో దాక్కున్న పాత రొట్టెల వాసనంతా బయటికొచ్చి, వీధిలో కుక్కలన్నీ వాకిట్లో చేరాయి. ఆ పైన వేణ్ణీళ్ళ బాయిలరు, స్నానానికి తొట్టి, పైన సోలారు పలకలు, కింద బ్యాటరీలు, టీవీ, వెనక రెండు సైకిళ్ళు తగిలించే ఇనుప చట్రం. గ్యాస్ బండ ఒకటి చాలదని రెండోది.

అన్నిటికన్నా గొప్పది టీ అలమారా. ఇమ్కె వాళ్ళ అమ్మ ఇచ్చిన పింగాణీ టీసెట్టు దారిలో గలగలమనకుండా, ఒక్కో కప్పుకీ ఒక్కో గూడు చెక్కి ఉన్నిగుడ్డ అతికించాడు. మీగడ చెంచాకి వేరే గూడు, కలకండ డబ్బాకి వేరే గూడు. అలమారా అందంగానే ఉంది, కాదనను. కాకపోతే దాన్ని ముందు సీటు పక్క తలుపుకి అడ్డంగా బిగించాడు. ఆ తలుపు ఇక తెరుచుకోదు. అంటే ఇమ్కె తన సీట్లో కూర్చోవాలంటే కూడా పక్కతలుపు దగ్గర బీరుపెట్టె ఎక్కి, పడక పక్కనించి ఒత్తిగిలి ముందుకి రావాలి.

అంతా చేశాక ఎక్కడో చిన్న టకటక. దాని కోసం ఒక చలికాలమంతా వెతికాడు. తను కట్ట వెంబడి బండి నడుపుతూ, వెనకాల ఇమ్కెని టార్చిలైటుతో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చప్పుడు ఎటునించి వస్తోందో చూడమనేవాడు. చివరికది అతని జేబులో ఉన్న రసమట్టం సీటు అంచుకి తగిలే చప్పుడని తేలింది. ఇమ్కె ఆ రోజే టార్చిలైటు పక్కన పెట్టేసింది. వెళ్ళి నార్వే ఓడకి టిక్కెట్లు కొనేసింది.

ఇంకా చిన్నాచితకా పనులున్నాయే అని హాబో నసిగాడు.

“నా మోకాలికీ ఉన్నాయి చిన్నాచితకా పనులు. డాక్టరు శరదృతువులో కోస్తానన్నాడు. కోశాక ఎలా ఉంటుందో ఎవడికి తెలుసు? సోమవారం బయలుదేరుతున్నాం. పూర్తయినా సరే, కాకపోయినా సరే.”

బయలుదేరే పొద్దున సాగనంపడానికి మైనెర్ట్ వచ్చాడు. అతనిది షోరూములో కొన్న తెల్లటి బండి. అందులో అతను చేసుకున్న పనల్లా అద్దానికి తెర కట్టడమే, అయినా సలహాలకి లోటు లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాల దగ్గర వంగి, తూకం వేయించావా అని అడిగాడు. కాగితాల్లో మూడున్నర టన్నులకి మించకూడదని ఉంది కదా, మా బావమరిదిని నిరుడు దారిలో పోలీసులు ఆపి తూచారు, ఎక్కువైనదంతా అక్కడే దించమన్నారు, పాపం బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని తమ్ముడి కోసం సాయంత్రందాకా ఎదురుచూశాడని చెప్పుకొచ్చాడు. హాబో నవ్వేశాడు. తనకి కంటిచూపే కాటా అన్నాడు. కానీ ఆ దుంపల బస్తా బుర్రలోంచి పోలేదు. ఊరి బయట రైతుసంఘం గోదాము దగ్గర, ట్రాక్టర్లని తూచే కాటా మీదికి బండి మళ్ళించాడు.

కాటా చూసేది తాల్కె. కిటికీలోంచి తల బయటపెట్టి, మా ఊళ్ళ పలకరింపుగా మొయిన్ అంది. మొయిన్ అన్నారు వీళ్ళిద్దరూ. తాల్కె అంకె చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

“లోపల ఆవు గానీ ఉందా హాబో?”

మూడు వందల కిలోల పైచిలుకు ఎక్కువుంది. హాబో దిగి కాటా చుట్టూ తిరిగాడు, ఇనుప పలక కింద రాయేదైనా ఇరుక్కుందేమో చూశాడు. పొద్దున్నే దుంపల ట్రాక్టరు ఇదే కాటా మీద సరిగ్గానే తూగిందని తాల్కె చెప్పింది. ఇక చేసేదేముంది, దించడం మొదలుపెట్టాడు. ముందు బాయిలరులో నీళ్ళన్నీ వదిలేశాడు. తర్వాత సైకిళ్ళు, వాటి చట్రం, రెండో గ్యాస్ బండ. ఇంకా ఎక్కువే. అప్పుడు ఇమ్కె సామాను మీద పడ్డాడు. ఇనుప పెనం ఎందుకు, రేకుది ఉందిగా. పుస్తకాలెందుకు, టీవీ ఉందిగా. ఉన్నికోటు ఎందుకు, హీటరుందిగా. ఇమ్కె ఒక్కొక్కటే అందించింది. చివరికి టీసెట్టు దగ్గరికొచ్చాడు.

“ఇదెందుకో కూడా చెప్పు” అంది ఇమ్కె.

అల్యూమినియం కప్పులు రెండున్నాయి, తేలిగ్గా ఉంటాయన్నాడు హాబో. అలమారా మాత్రం ఉంచుదామన్నాడు, అది విప్పాలంటే ఒక రోజు పడుతుంది. టీసెట్టుని బుట్టలో పెట్టి, జాగ్రత్తగా గోదాము అరుగు మీద పెట్టాడు. మళ్ళీ తూచారు. ఇంకా అరవై కిలోలు ఎక్కువ.

ట్రాక్టర్లు వచ్చినప్పుడు అడిగే అలవాటు కొద్దీ, ఎవరైనా దిగితే చూస్తానని తాల్కె అంది. డ్రైవరు తూకంలోనే ఉండాలి కాబట్టి ఇమ్కె చేతిసంచీ తీసుకుని, పడక పక్కనించి ఒత్తిగిలి, బీరుపెట్టె మీద కాలుపెట్టి, మెల్లిగా దిగి పక్కకొచ్చి నిలబడింది. తాల్కె అంకె చదివింది. మూడున్నరకి ఇంకా పది కిలోలు తక్కువే.

“సరిపోయింది!” అని అరిచాడు హాబో. స్టీరింగు మీద రెండు చేతులతో దరువేశాడు.

అరిచేదాకా అతనికి తెలియలేదు ఏమన్నాడో. అరిచాక తాల్కె మొహం చూశాడు, తర్వాత ఇమ్కె మొహం చూశాడు.

“సరే మరి. బండి నువ్వు తీసుకురా” అంది ఇమ్కె మామూలుగానే. “నేను బస్సూ రైలూ పట్టుకుని వస్తా. నా పరుపు భద్రం.”

కోపంగా అని ఉంటే హాబో ఏదో ఒకటి అనగలిగేవాడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, బస్‌స్టాపు వైపు నడవడం మొదలుపెట్టింది. మా దగ్గర వచ్చిన చిక్కే ఇది. ఇంకో ఊళ్ళో మనిషి అలిగి వెళ్తే మలుపు తిరిగి కనుమరుగవుతుంది, కాసేపు మర్చిపోవచ్చు. మా రోడ్డు మీద అలా కనబడుతూనే ఉంటుంది. ఎడమకాలు ఈడుస్తూ, ఆగి, మోకాలు నిమురుకుని, మళ్ళీ నడుస్తూ. హాబో ఆ కాలునే చూస్తూ నిలబడ్డాడు. మూడేళ్ళుగా ఆ కాలు కోసమే కదా ఇదంతా చేశాననుకున్నాడు. ఆ కాలు అడిగింది మెట్టు ఒక్కటే కదా అని కూడా అనుకున్నాడు, ఈ మాట అంతకుముందెప్పుడూ తట్టలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తాల్కె కిటికీలోంచే పడక కిందికి వేలు చూపించింది. “ఆ తాళం వేసిన పెట్టెలో ఏముంది?”

ఉన్నవి పనిముట్లు. పానాలు, సుత్తులు, రెండు డ్రిల్లులు, రంపాలు, అరవై రకాల మేకులు, బల్లకి బిగించే వైసు. మొత్తం కలిపి ఒక మనిషంత బరువు. వాటిని దించే ఆలోచనే అతనికి రాలేదు, అవి సామాను కిందికి వస్తాయని కూడా అనుకోలేదు.

“అవి లేకుండా ఎలా? దారిలో ఏదైనా పాడైతే?”

“పాడైతే ఏం చేస్తావ్?”

“బాగుచేస్తా.”

తాల్కె రోడ్డు వైపు గడ్డం ఎగరేసింది. “పాడైందిగా. చెయ్యి మరి.”

హాబో బండెక్కాడు. లోపలికి వెళ్ళి పనిముట్ల పెట్టె బరబరా లాక్కొచ్చి కిందికి తోశాడు. అది పడిన చప్పుడుకి గోదాములో పావురాలు లేచాయి. ఊపు మీద ఉన్నాడేమో, టీవీ కూడా పీకాడు. సోలారు కోసం పెట్టిన మూడో బ్యాటరీ పీకాడు. గుమ్మం దగ్గర కాలికి అడ్డమొచ్చిందల్లా బయటికి విసిరేశాడు. తర్వాత ఇమ్కెవి లోపలికి ఎక్కించాడు, ఉన్నికోటు, పుస్తకాలు, ఇనుప పెనం, అన్నిటికన్నా చివర టీసెట్టు. కప్పుల్ని గూళ్ళలో సర్దే ఓపిక లేక బుట్టతో పాటే ఆమె సీట్లో పెట్టి బెల్టు కట్టాడు. ఇమ్కె బరువు కలిపి చూసినా సరిపోతుందని తాల్కె చెప్పింది. బయట కుప్పపడ్డదంతా మైనెర్ట్‌కి ఫోన్ చేసి తీసుకెళ్ళమంటానంది. మైనెర్ట్‌కి నడుం నొప్పి కదా అని గుర్తుచేసే తీరిక హాబోకి లేదు.

అప్పటికి అవతల్నించి బస్సు కూడా కనబడింది. రోడ్డుకి ఈ చివర హాబో, ఆ చివర బస్సు, మధ్యలో బస్‌స్టాపు బల్ల మీద ఇమ్కె. ముగ్గురూ ఒకరికొకరు బాగానే కనబడుతున్నారు. హాబో కాలు అదిమి తొక్కాడు. మూడేళ్ళు ఒక్క చప్పుడు లేకుండా చేసుకున్న బండి, ఇప్పుడు కప్పులూ పెనమూ వదులైన తలుపులూ అన్నీ కలిసి పెళ్ళిబాజాల్లా మోగింది. ఏది మోగుతోందో చూద్దామని అతను ఆపలేదు.

బస్సుకన్నా ఒక్క క్షణం ముందు వచ్చి స్టాపు ముందర అడ్డంగా ఆపాడు. వెనకాలే వచ్చిన బస్సు డ్రైవరు హారను కొట్టాడు. హాబో దిగి, రొప్పుతూ, ఇమ్కె ముందుకొచ్చి నిలబడ్డాడు.

“నా సామాను దించేశాను.”

“ఏది?”

“పనిముట్లన్నీ.”

ఇమ్కె అతని మొహంలోకి కాసేపు చూసింది. అబద్ధం చెప్తే హాబో చెవులు కదులుతాయి. కదల్లేదు. ఆమె సంచీ తీసుకుని లేచింది.

హాబో పక్కతలుపు జరిపాడు. జరిపి, అలాగే ఉండిపోయాడు. బీరుపెట్టె లేదు. ఊపులో దాన్ని కూడా విసిరేశాడు, కుప్ప కింద ఎక్కడో ఉండి ఉంటుంది. ఇమ్కె ఆ ఎత్తుని చూసింది, తన మోకాలుని చూసుకుంది. బస్సు డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు. బస్సులోవాళ్ళు కిటికీలకి అతుక్కుని చూస్తున్నారు, అందరూ తెలిసినవాళ్ళే.

హాబో తడి రోడ్డు మీద ఒక మోకాలు ఆనించి కూర్చున్నాడు. రెండో మోకాలు తలుపు ముందు పెట్టి, దాని మీద తన టోపీ పరిచాడు. ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, రెండో చెయ్యి ఇమ్కెకి అందించాడు. ఇమ్కె కాలు పెట్టబోయి ఆగింది.

“ఈ మెట్టు బరువెంతట?”

“తొంభైనాలుగు కిలోలు” అన్నాడు హాబో. “తూకంలో ముందే కలిపేశారు. ఎక్కు.”