నడిమధ్యన చిల్లు

నేను ఒక బిల్లులు గుచ్చే తీగను. అడుగున గుండ్రటి చెక్కబిళ్ళ, పైన వంపు, వంపు చివర మొన. తణుకులో ఒక వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్నాను. ఒక సోమవారం పొద్దున్న ఆ ఇంట్లో నా గురించే గొడవ జరిగింది.

"పాల బిల్లు నడిమధ్యన గుచ్చారేంటండీ? తారీఖు కనపడట్లేదు," అంది వసుమతి.

"పాల బిల్లుకి తారీఖెందుకు? పాలు తాగేశాంగా," అన్నాడు ఆమె భర్త భానుమూర్తి.

"మూలకి గుచ్చమని పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతున్నాను."

"సరే తల్లీ, రేపట్నుంచి స్కేలు పెట్టి కొలిచి గుచ్చుతా."

ఆ గొడవ అసలు దేని గురించో నాకు తెలుసు. మొదటినుంచీ చెబుతాను.

నేను రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గొడుగు ఊచలకని తెచ్చిన తీగలో మిగిలిన ముక్కను. వసుమతి తండ్రి నన్ను తన ఎరువుల కొట్టుకు కొన్నారు. ఆయన కాగితాన్ని బొటనవేలితో తడిమి, రాత లేని మూల చూసుకుని గుచ్చేవారు. ముప్పై ఏళ్ళలో ఒక్క అంకెకూ చిల్లు పడలేదు. కొట్టు ఎత్తేసిన రోజు పెద్దకొడుకు గల్లాపెట్టె తీసుకున్నాడు, చిన్నకొడుకు కాటా తీసుకున్నాడు, బీకాం చదివిన కూతురు నన్ను అడిగింది. అందరూ నవ్వారు. గల్లాపెట్టెకు ఇచ్చే మర్యాద మనుషులు రసీదుకు ఇవ్వరు.

భానుమూర్తి మంచివాడే. కాగితాన్ని మాత్రం చేపను గుచ్చినట్టు గుచ్చుతాడు. ఫ్లెక్సీలు వేసే షాపు పెట్టాడు. మెషినుకు ఒక అప్పు, దాని వాయిదాలకు మరో అప్పు, అదీ చాలక క్రెడిట్ కార్డు. షాపు మూతపడ్డాక ఏడు నెలలు ఎవరికీ ఏమీ కట్టలేదు. ఆ ఏడు నెలలూ నా మీదకు నోటీసులే వచ్చాయి. తర్వాత వసుమతి ఏలూరులో అప్పుల సలహా కేంద్రం ఒకటుందని విని వెళ్ళింది. వాళ్ళు మూడు అప్పులవాళ్ళతోనూ మాట్లాడి, నెలకు ఒకే వాయిదా చొప్పున ఐదేళ్ళకు ప్రణాళిక రాసిచ్చారు. భానుమూర్తి వేరేవాళ్ళ షాపులో జీతానికి చేరాడు. ఆ రసీదులు వసుమతే గుచ్చుతుంది, మూలకు. ఇప్పటికి పందొమ్మిది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. పండక్కి బట్టలు లేకపోయినా ఎవరూ ఏమీ అనరు. నెలకో కాగితం నా మీద పడుతుంది, అంతే.

ఈ ఏడు వాళ్ళమ్మాయి హంసినికి ఫిజియోథెరపీలో సీటొచ్చింది. ఎడ్యుకేషన్ లోను కోసం బ్యాంకుకు వెళితే, తండ్రి క్రెడిట్ రిపోర్టులో నాలుగు ఎగవేతలున్నాయి, కష్టమన్నారు. మూడు షాపు అప్పులు, ఆ ఏడు నెలలవి. నాలుగోది నాలుగేళ్ళ కిందటే తీరిపోయిన స్కూటర్ అప్పు. బాకీ లేదని ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన ఉత్తరం నా మీదే, అట్టడుగున ఉంది. వసుమతి దాన్ని ఫోటో తీసి, రిపోర్టు ఇచ్చే సంస్థకు అభ్యంతరం పంపింది. పదహారో రోజు జవాబొచ్చింది. ఉత్తరంలో ఖాతా నంబరు చివరి రెండంకెలు కనపడడం లేదు, అందుకని మార్చలేమన్నారు. ఆ కంపెనీ ఊళ్ళో ఆఫీసు ఎత్తేసి చాలాకాలమైంది. ఫోను చేస్తే పాట వినిపిస్తుంది.

ఆ రెండంకెల మీదుగానే భానుమూర్తి అప్పట్లో నన్ను దూర్చాడు. జవాబు ఇద్దరూ చదివారు. మర్నాడే పాల బిల్లు గొడవ.

ఆ మధ్యాహ్నం వసుమతి నా మీద కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి, స్కూటర్ ఉత్తరాన్ని బల్లమీద బోర్లించింది. తీగ కాగితాన్ని మింగదు, వెనక్కి నెడుతుంది. ఈ ముక్క చెప్పడానికి నాకు నోరు లేదు. చిల్లు వెనక కాగితం చిన్న చిన్న రేకులుగా ముడుచుకుని ఉంది. ఆమె పిన్నీసుతో వాటిని విప్పింది. చెంచా వెనకభాగంతో అణిచింది. అన్నం మెతుకు నలిపి, వెనక చిన్న కాగితం ముక్క అంటించింది. తిప్పి చూసింది. నాలుగు, ఏడు.

ఉత్తరాన్ని మళ్ళీ ఫోటో తీసి పంపింది. నోటీసులను కట్టకట్టి ఉత్తరంతో పాటు బీరువాలో పెట్టి, రసీదులనూ పాల బిల్లునూ తిరిగి నాకు గుచ్చింది. పన్నెండు రోజులకు, స్కూటర్ ఎగవేత తీసేశామని ఫోనుకు కబురొచ్చింది. అది చదివి, చారు పొంగుతుంటే వెళ్ళి పొయ్యి తగ్గించింది.

అప్పటికి ఫీజు కట్టడానికి మూడు రోజులే గడువుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భానుమూర్తి హంసిని పక్కన కంచం ముందు కూర్చుని, స్నేహితుడి మాట ఒకటి బయటపెట్టాడు.

"షాపు అప్పుల మీద కూడా అభ్యంతరం పెట్టేయమంటున్నాడు సాంబు. విచారణలో ఉందని రాస్తారంట. వాళ్ళు తేల్చేలోపు మన లోను అయిపోద్దంట. ఎవడు చూడొచ్చాడు అంటాడు."

వసుమతి వంకాయ కూర వడ్డిస్తూ ఆగింది. "ఆ ఏడు నెలలూ మనం కట్టామాండీ?"

"లేదు."

"కట్టలేదనే కదా వాళ్ళూ రాసింది."

"మరి దీని సీటు సంగతేంటి?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కడుక్కుని నా దగ్గరికొచ్చింది. పందొమ్మిది రసీదులూ తీసి, తడి తగలకుండా బల్ల చివర పెట్టింది.

"తప్పు రాస్తే మార్పించాను. ఉన్నది రాస్తే దాని జోలికెళ్ళను. రేపు ఇవి పట్టుకుని మేనేజరు గారి దగ్గరికెళ్తాను. ఏడు నెలలు కట్టలేదు, పందొమ్మిది నెలలుగా కడుతున్నామని నేనే చెబుతాను. ఆపైన ఆయన ఇష్టం."

"ఇవ్వనంటే?"

దానికి జవాబు హంసిని చెప్పింది, కంచంలోంచి తల ఎత్తకుండా.

"ఇవ్వకపోతే ఇక్కడే డిగ్రీలో చేరతాను నాన్నా. నేను కూడా వస్తానమ్మా రేపు. ఆ పెరుగిలా జరుపు."

భానుమూర్తి పెరుగు గిన్నె జరిపాడు. నా మీద పాల బిల్లు ఒక్కటే మిగిలింది, నడిమధ్యన చిల్లుతో, ఫ్యాను గాలికి తిరుగుతూ.