సుభాని పడవకు రంగు

భవానీపురం రేవులో సుభాని పడవ ఇటుకల మీద బోర్లా పడుకుని ఉంది. ఘాట్ గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని సుభాని కూర్చున్నాడు. ఎండలో గొంతుక్కూర్చుని రేకుతో పాత రంగు గీకుతున్నది మాత్రం అతని కూతురు తబస్సుం.

లంకలో పొలాలున్నవాళ్ళనీ, గడ్డికోతకు వెళ్ళేవాళ్ళనీ సుభాని ఆ పడవలో కృష్ణ దాటిస్తాడు. ఏటా వానలు మొదలయ్యేలోపు దానికి తనే రంగు వేసుకుంటాడు. ఈసారి రేవు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పెయింటరును పెడదామని తబస్సుం ఎంత చెప్పినా వినలేదు.

"నా పడవ మీద ఇంకోళ్ళ చెయ్యి పడితే నాకు నిద్రపట్టదు."

"మరి నా చెయ్యో?"

"నీ చెయ్యి ఇంకోళ్ళదెట్టా అవుద్దే?"

ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. సెలవుల్లో పామర్రులో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వెళ్ళి, హాయిగా పొద్దెక్కేదాకా పడుకోవాలనుకుంది. ఆ సెలవులు కాస్తా పడవ పాలయ్యాయి. చున్నీ ముక్కుకు చుట్టుకున్నా గొంతులోకి రంగు పొడే. గోళ్ళ సందున నీలం.

సుభాని సలహాలకు అంతులేదు.

"అట్టా కాదమ్మా. చెక్క వాలు చూసి గీకు."

చెక్క వాలు చూసి గీకితే, "అంత గట్టిగా పడితే చెక్క లేచిపోద్ది" అన్నాడు. మెల్లగా గీకితే, "నువ్వట్టా నిమురుతా కూర్చుంటే వానలొచ్చేస్తయ్" అన్నాడు.

"అబ్బా!" అంది తబస్సుం.

"ఏందమ్మా?"

ఇంట్లో తండ్రిని పిలిచే పిలుపూ అదే కావడం చిన్నప్పటినుంచీ ఆమెకున్న కష్టం. మనసారా విసుక్కోవడానికి కూడా లేదు.

సుభాని ఒక్కడే అయితే ఎలాగో పడేది. రేవుకొచ్చిన ప్రతివాడూ ఆగి ఓ సలహా పారేసి వెళ్ళేవాడు. అందరికంటే మాణిక్యమ్మ పోరు ఎక్కువ. ఆమెకు గేదెలున్నాయి. రోజూ సుభాని పడవెక్కి లంకకు వెళ్ళి గడ్డి కోసుకొస్తుంది.

"ఇంకెన్నాళ్ళమ్మాయ్ ఈ గోకుడు? ఎండుగడ్డి తిని తిని గేదెలు నావంక గుర్రుగా చూస్తన్నయ్."

"అబ్బానడుగు, అత్తా. నేను కూలిదాన్ని."

పడవ వెనక భాగానికి వచ్చేసరికి సుభాని మాట మారింది.

"అక్కడ పైపైన ఉప్పుకాగితం రుద్ది వదిలెయ్."

"అంగుళం కూడా వదలొద్దని పొద్దున్నేగా చెప్పావు?"

"అక్కడ బాగానే ఉందిలే. చెప్పిన మాట విను."

వినీ వినీ తబస్సుం ఓపిక ఆ క్షణాన అయిపోయింది. పంతం కొద్దీ సరిగ్గా అక్కడే రేకు పెట్టి గీకింది. నీలం రంగు లేచింది, దానికింద పాత ఆకుపచ్చ లేచింది, ఆ వెంటనే లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడి పాదాల మీద పడింది. కింద చెక్క నల్లగా ఉంది. బొటనవేలితో నొక్కింది. తడిసిన రొట్టెలోకి దిగినట్టు వేలు దిగిపోయింది.

"అబ్బా, ఇటొచ్చి చూడు."

సుభాని కుర్చీలోంచి కదల్లేదు. "చూసేదేముంది. తెలుసు."

"తెలుసా?"

"రెండేళ్ళబట్టీ అట్టాగే ఉంది. లప్పం పెట్టి, తారు పూసి, రంగేస్తన్నా. చుక్క నీళ్ళు లోపలికి రాలా."

"రాలేదు కాబట్టి సరిపోయింది. వరదనీళ్ళలో నడిమధ్య ఊడితే?"

"నేనుంటాగా పడవలో."

"నువ్వుంటే ఏం చేస్తావు? ఎంతమందిని పట్టుకుంటావు?"

సుభాని కట్టు మీద దారం పోగు లాగుతూ కూర్చున్నాడు. "వడ్రంగిని పిలిస్తే ఒక్క పలకతో ఆగడమ్మా" అన్నాడు. "ఇది విప్పి పక్కది చూస్తాడు. పక్కది విప్పి ఆ పక్కది. ఆఖరికి పడవ అయిపోయింది సాయిబుగారూ, తగలెయ్యండి అంటాడు. తర్వాత నేనేం చెయ్యను? ఇంట్లో కూర్చుని టీవీ చూడనా?"

మరొకప్పుడైతే ఆ మాటకు ఆమె మనసు కరిగేదే. ఇప్పుడు కోపం రెట్టింపయింది. "అందుకా పెయింటర్ని ఒద్దన్నావు? నేనైతే చెప్పినట్టు పడుంటాననా?"

రేకు ఇసుకలోకి విసిరికొట్టి చేతులు కడుక్కోబోయింది. మాణిక్యమ్మ మెట్లు దిగి వస్తోంది.

"ఆమెకి చెప్పమాక" అన్నాడు సుభాని చిన్నగా.

తబస్సుం ఏమీ చెప్పలేదు. మాణిక్యమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ పలక మీద పెట్టింది. మాణిక్యమ్మ నొక్కి చూసింది. వేలికంటిన పొట్టు చీరకొంగుకు తుడుచుకుంది.

"క్రితం వరదప్పుడు నా మనవరాల్ని కూడా దీంట్లోనే తెచ్చుకున్నా." సుభాని వైపు తిరిగింది. "తెలిసే ఎక్కించావా, అన్నా?"

సుభాని తల వంచుకున్నాడు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. అతను ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టలేదు.

మర్నాడు తబస్సుం రేవుకు వెళ్ళేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. సుభాని పడవ పక్కన నిలబడి ఉన్నాడు. వడ్రంగి జాన్‌బాబు ఉలి తీస్తున్నాడు.

"విప్పు" అంటున్నాడు సుభాని. "ఎన్ని పాడైతే అన్నీ విప్పు."

పాడైన పలకతోపాటు దాని పక్కవి రెండు పోయాయి. మిగతావి గట్టిగానే ఉన్నాయి.

"అయిపోయిందంటావా?" సుభాని పడవ అంచు పట్టుకుని అడిగాడు.

"లేదు సాయిబుగారూ, ఇంకా చాకిరీ చేస్తది. రెండేళ్ళ కిందటే పిలిస్తే ఒక్కదాంతో పోయేది."

"విన్నావా?" అంది తబస్సుం.

"విన్నాన్లే. నాకేం చెవుడా?"

కొత్త పలకలు బిగించాక పని మళ్ళీ మొదటికొచ్చింది. ప్రైమర్ ఎంత వేసినా కొత్త చెక్క తాగేస్తోంది. తీరా షాపులోంచి తెచ్చిన నీలం, సుభానికి నచ్చలేదు.

"ఇది మన నీలం కాదమ్మా."

"నీళ్ళకి తేడా తెలియదులే, కూర్చో."

కూర్చోలేదు. ఎడంచేత్తో బ్రష్ పట్టుకుని తనూ మొదలుపెట్టాడు. అతను వేసిన మేరా రంగు చారలు కట్టి కారింది. తబస్సుం పళ్ళు నూరుకుంటూ అతని వెనకే తిరిగి సరిచేసుకొచ్చింది.

స్కూలు తెరిచే ముందు పడవ నీళ్ళలో దించారు. కట్టు విప్పినా సుభాని చేతికి ఇంకా పట్టు రాలేదు. తెడ్లు తబస్సుం తీసుకుంది. మాణిక్యమ్మ కొడవలితో గట్టు మీదే నిలబడింది.

"ముందు మీరిద్దరూ లంకదాకా పోయి రండి."

వెళ్ళి వచ్చారు. మాణిక్యమ్మ వంగి పడవ అడుగంతా అరచేత్తో తడిమింది. పొడిగానే ఉంది. అప్పుడెక్కి, ఎప్పుడూ కూర్చునే వెనక భాగం వదిలేసి, నడుమ కూర్చుంది. దారంతా ఆమె చూపు కొత్త పలకల మీదే ఉంది.

"నీళ్ళు రావు చెల్లెమ్మా" అన్నాడు సుభాని.

"క్రితం ఏడూ అదేగా చెప్పావు" అంది ఆమె, తల ఎత్తకుండానే.

తబస్సుం తెడ్లు కాస్త గట్టిగా వేసింది.