కుడి మూల

"గురువారం సాయంత్రం అసర్ నమాజు వేళకి నీ డబ్బా మెషీను బీచ్ చెట్టు కర్ర మీద ఒక్క ఆకు సరిగ్గా చెక్కిందా, బల్ల నీది. లేదంటే శనివారం నుంచి కిటికీ దగ్గర చోటు ఇంకొకడిది," అని కార్ఖానా పెద్దమేస్త్రి ఉస్తా దర్గామ్ సోమవారం నాడే తేల్చి చెప్పేశాడు.

ఇన్షిరాహ్ డ్రిల్లు తీసుకుని, అదే బల్లకు నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు వేసి, తను సొంతంగా కట్టుకున్న చెక్కుడు యంత్రాన్ని బోల్టులతో బిగించేసింది. అదే ఆమె జవాబు.

ఈజిప్టులోని దమియెట్టాలో నగిషీ చెక్కే మనిషికి కిటికీ పక్క బల్ల దక్కడమంటే మాటలు కాదు. వెలుతురు పక్కనుంచి పడితేనే ఆకు ఈనె తెలుస్తుంది, ఉలి ఎంత దిగిందో తెలుస్తుంది. ఆ బల్ల ఆమె తండ్రిది. ఆయన పోయాక పదకొండేళ్ళు ఆమే అక్కడ నిలబడి చెక్కింది. రెండేళ్ళ కిందట కోతయంత్రం ఆమె కుడిచేతి బొటనవేలి నరాన్ని తెంపింది. వేలు ఉంది, వంగుతుంది, కానీ కొయ్యసుత్తి పిడిని పట్టి నిలపలేదు. అప్పటినుంచి కార్ఖానాలో అందరూ ఆమెతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమెకు ఒళ్ళు మండింది ఆ మెత్తదనానికే.

పాత జిరాక్సు మెషీన్ల మోటార్లు మూడు, జారుడు తలుపుల పట్టాలు రెండు, ఎవరో పారేసిన ల్యాప్‌టాప్ ఒకటి: వీటితోనే ఆమె ఆ యంత్రాన్ని కట్టుకుంది. యంత్రాన్ని ఆడించే సాఫ్ట్‌వేరు మాత్రం లోకంలో ఎవరెవరో రాసి, లోపలి గుట్టంతా విప్పి, కావాల్సినవాళ్ళు తీసుకోండని వదిలేసినది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఆమెకు తొమ్మిది నెలలు పట్టింది.

"ఊరికే వచ్చినదాన్ని నమ్ముకుని బల్లకి చిల్లులు పొడిచావా అమ్మాయ్?" అన్నాడు దర్గామ్, బెజ్జాలు చూసి.

"పెద్ద ఫ్యాక్టరీవాళ్ళ మెషీను ఆగిపోతే ఏం చేస్తారు ఉస్తా? కైరో నుంచి మనిషి వచ్చిందాకా టీ తాగుతూ కూర్చుంటారు. ఇది ఆగితే నేనే విప్పుతా, నేనే బిగిస్తా. నన్ను అడిగేవాడు లేడు."

"అడిగేవాడు లేడనే నా భయం కూడా."

పాలిష్ పట్టే మిస్బాహ్ లక్కరంగు చేతులతోనే వచ్చి నవ్వాడు. "ఆవిడ జోలికి పోకండి ఉస్తా. బోల్టులు మిగిలాయంటే మిమ్మల్ని కూడా బిగించేస్తుంది."

గురువారం వచ్చింది. పని ఆపి తొమ్మిదిమంది చుట్టూ చేరారు. ఎవరో జిలేబీ లాంటి మిషబ్బెక్ పొట్లం విప్పారు. పాకం కారే ఆ చుట్టలు తింటూ, పెళ్ళికి వచ్చినవాళ్ళలా నిలబడ్డారు. ఉస్తా పక్కన ఒక సోఫా తల, అంటే వీపు పైన వచ్చే కర్రపట్టీ, ఉంది. దాని మీద కుడివైపున ఆయన చేత్తో చెక్కిన ఆకు. అచ్చం అలాంటిదే ఇన్షిరాహ్ తెరమీద గీసుకుంది.

ఆమె కర్రముక్కను క్లాంపులతో బిగించి, ల్యాప్‌టాప్ మీద బాణం మీట నొక్కింది. మోటారు కూతపెట్టింది. కర్రను తొలిచే బిట్టు పది మిల్లీమీటర్ల చొప్పున గెంతుతూ కర్ర మీదకి వచ్చింది. తరువాత ఒక్కో మిల్లీమీటరు. ఆ తరువాత అందులో పదోవంతు. సుత్తి పట్టలేని ఆ బొటనవేలే మీట మీద ఉంది. ఈ పనికి దాని బలం చాలు.

"ఉస్తా, సిగరెట్ కాగితం ఒకటి ఇవ్వండి."

"ఎందుకు, మొక్కుబడికా?"

"ఇవ్వండి మరి."

కాగితాన్ని బిట్టు కింద పెట్టి అటూ ఇటూ లాగుతూ మీట నొక్కింది. ఒక నొక్కు. ఇంకొకటి. కాగితం చిన్నగా పట్టేసింది. అది కర్ర పైమట్టం. లెక్క మొదలయ్యే సున్నా అక్కడ పెట్టి, 'మొదలు' నొక్కింది.

బిట్టు కుడివైపుకి దూసుకుపోయింది. కర్ర అంచు దాటి నేరుగా ఇనుప క్లాంపుకి తగిలింది. టప్పుమని విరిగి, ముక్క పోయి మిస్బాహ్ లక్క డబ్బాలో పడింది. ఇన్షిరాహ్ ఎర్ర స్విచ్ మీద అరచెయ్యి వేసి కొట్టింది.

ఎవరో ఈల వేశారు. "ఆకు భలే వచ్చిందే!" అన్నారు ఇంకెవరో.

దర్గామ్ నవ్వలేదు. "బోల్టులు విప్పు తల్లీ," అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనం ఆమెకు బిట్టు విరిగినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

"మీ చేతికింద ఇప్పటికి ఎన్ని ఉలులు విరిగాయి ఉస్తా? ఒక్కదానికైనా మిమ్మల్ని బల్ల దిగమన్నారా? అసర్ అజాన్ ఇంకా కాలేదు. నా దగ్గర ఇంకో బిట్టు ఉంది."

ఆమె తల వంచి కర్రను చూసింది. తప్పు తెలిసిపోయింది. సున్నాను కుడి మూలలో పెట్టింది. ఇక్కడ పెన్సిలు పట్టినవాళ్ళందరూ అరబ్బీ రాసినట్టే కుడి మూల నుంచే మొదలుపెడతారు, ఆమె తండ్రి పెట్టించిన మొదటి గీతా అక్కడిదే. తెరమీద బొమ్మ మాత్రం ఎడమ మూల తనదనుకుని కూర్చుంది. అందుకే కర్ర తనకి కుడిపక్కన ఉంటుందని బయల్దేరింది.

గుంపులోంచి ఒకడన్నాడు, "దానికి ఎడమే ఇష్టమైతే ఎడమ నుంచే పెట్టొచ్చుగా?"

"అది నా దగ్గర పనికి చేరింది, నేను దాని దగ్గర కాదు. నా పని కుడి మూల నుంచే."

"అయితే మోటారుని తిరగేసెయ్," అన్నాడు మిస్బాహ్.

"తిరగేస్తే ఆకు కూడా తిరగబడుద్ది. ఆ ముచ్చటా తీరింది," అంటూ బల్లకింద గోనెసంచిని కాలితో తన్నింది.

మోటారు జోలికి పోకుండా, తెరమీద బొమ్మ తాలూకు మొదటి చుక్కను కుడి మూలకి లాగింది. అంకెలన్నీ ఒక్కసారి ముందు మైనస్ గీత తగిలించుకుని సున్నాకి ఎడమపక్కకి వెళ్ళాయి. యంత్రాన్ని దాని సొంత మూలకి పంపి, ఢీకొన్నప్పుడు తప్పిన లెక్క సరిచేసుకుంది. కొత్త బిట్టు బిగించి, మళ్ళీ కాగితం పెట్టి సున్నా చూసుకుంది. ఈసారి తొందరపడలేదు. బిట్టును రెండు వేళ్ళ ఎత్తుకి లేపి, ఆకు మొత్తాన్ని గాలిలోనే గీయించింది. మొదటే చెయ్యాల్సిన పని అది. పదిమంది చూస్తున్నారన్న పౌరుషం కొద్దీ మానేసింది.

అప్పుడు దింపింది.

బీచ్ కర్ర కమ్మటి వాసన లేచింది. పొట్టు సన్నగా రాలింది. ఆకు మొన, వంపు, తొడిమ ఒక్కొక్కటే తేలాయి. ఎవరూ నమలడం లేదు. అజాన్ మొదలయ్యేసరికి బిట్టు పైకి లేచింది.

దర్గామ్ వేలితో తడిమాడు. "ఆకారం ఉంది. ఊపిరి లేదు."

"లేదని నాకూ తెలుసు." ఆమె తన తండ్రి వాడిన సన్న ఉలిని ఎడమచేత్తో పట్టి, అరచేతితో నెడుతూ నాలుగు ఈనెలు లాగింది. ఒకటి కాస్త వంకర పోయింది. దిద్దలేదు. "ఇప్పుడు చూడండి."

ఆయన ముక్కను తన ఆకు పక్కన పెట్టి, కిటికీ వెలుతురుకి వాల్చి చాలాసేపు చూశాడు. చివరికి, "సోఫాకి ఎడమపక్క జత కావాలిగా. తిరగబడ్డ ఆకు చెక్కగలదా ఇది?" అన్నాడు.

ఇన్షిరాహ్ గోనెసంచిని లాగి బోర్లించింది. యంత్రాన్ని ఈ బల్లకు బిగించకముందు మూడు వారాల పాటు మోటారు తిరగేసి, దారితప్పి చెక్కిన ఆకులు పదిహేను, అన్నీ ఎడమవైపు వంగినవి, ఆయన చెప్పుల మీద పడ్డాయి.

ఆయన ఒకటి తీశాడు. "ఇది మెత్తటి పైన్ కర్ర."

"బీచ్ ముక్క ఇప్పించండి, ఇప్పుడే బిగిస్తా."

"నమాజుకి పోయొస్తా," అని తలుపు దాకా నడిచి ఆగాడు. "శనివారం వచ్చేవాడికి తలుపు దగ్గర బల్ల ఖాళీ చెయ్యి మిస్బాహ్. అక్కడ వెలుతురు తక్కువే. సర్దుకుంటాడు."

"నా బల్ల అని ఒక్క మాట అనరా ఉస్తా?"

"నాలుగు చిల్లులు పొడిచాక నేను అనేదేముంది?"

ఆమె నవ్వలేదు. బాణం మీట మీద బొటనవేలు పెట్టి, బిట్టును మళ్ళీ కుడి మూలకి నడిపించింది.