తారీకు లేని సెలవు చిట్టీ

తన లెక్క తప్పిందని నారాయణగూడ డాక్టరు గారి వరండాలో అడుగుపెట్టగానే వేదవతికి తెలిసిపోయింది. ఒళ్లు కాలిపోతున్న మూడేళ్ల పాప ఆవిడ భుజాన ఉంది. ఎదురుగా బల్ల మీద, చెయ్యి విరిగిన తన తల్లి పక్కన, జగదీశ్వర్ కూర్చుని ఉన్నాడు.

అశోక్‌నగర్ సర్కారు బడికి ఉన్నది ఇద్దరే టీచర్లు. ఆ ఇద్దరూ వీళ్లే.

"టీచరమ్మా, మీరిక్కడున్నరేంది? మరి బడిల ఎవరున్నరు?"

"మీరుంటారనే కదండీ నేనొచ్చాను!"

ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. తారీకు వెయ్యని సెలవు చిట్టీ ఒక్కొక్కటి హాజరు పుస్తకంలో ఎప్పుడూ ఉంచుతారు. ఒకరికి అవసరం పడితే రెండోవారు బడి నడుపుతారు. ఇన్‌స్పెక్టరు వస్తే చిట్టీ మీద ఆనాటి తారీకు పడుతుంది. రాకపోతే మర్నాడు సంతకం చేసుకోవచ్చు, సెలవు మిగులుతుంది. రెండేళ్లుగా ఈ బేరంలో ఎవరికీ నష్టం రాలేదు. ఒకే పొద్దున ఇద్దరికీ అవసరం పడుతుందని మాత్రం ఇద్దరూ అనుకోలేదు.

పైగా రోజులు బాగా లేవు. తెలంగాణ ఉద్యమంతో మూతపడ్డ బడులు తెరిచి వారమే అయింది. ఆంధ్రా టీచర్లను వెనక్కి పంపేస్తారన్న మాటే చిక్కడపల్లిలో ఏ అరుగు మీదైనా వినిపిస్తోంది. తెనాలి నుంచి వచ్చిన వేదవతిని పంపడానికి ఒక్క తప్పు చాలు. ఆమె సెలవులన్నీ పాప జ్వరాలకే ఖర్చయిపోయాయి. ఇక తారీకు వేసినా ఆమె చిట్టీ ఖాళీ సంచే, చెల్లదు. భర్త రైల్వే గార్డు, డ్యూటీ మీద కాజీపేట వెళ్లాడు.

"నాకొక్క సెలవుంది, మీకు లేదు," అన్నాడు జగదీశ్వర్. "మీరు పోండి. నా చిట్టీ మీద తారీకెయ్యండి. పాపను నేను చూపిస్త."

"కొత్తవాళ్ల దగ్గర ఉండదండీ అది."

"మా అమ్మ ఒళ్లె ఉంటది. జల్ది పోండి!"

రిక్షా ఎక్కేదాకా పాప ఏడుపు వినిపిస్తూనే ఉంది.

బడి ఊడ్చే పాలమూరు రామమ్మ తాళం తీసి పిల్లలను కూర్చోబెట్టింది. వేదవతి తన చిట్టీ చింపేసి, జగదీశ్వర్ చిట్టీ మీద తారీకు వేసి, నల్లబల్ల మీద ఎక్కం మొదలుపెట్టింది. మూడో వరుస రాసేలోపల ఇన్‌స్పెక్టరు విశ్వేశ్వరరావు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్కరే ఉన్నారా?"

"ఆయన సెలవు పెట్టారండీ."

ఆయన చిట్టీ చదివి కుర్చీ లాక్కున్నాడు. "పలకలు ఒక్కొక్కటే తెమ్మనండి."

అప్పుడు గేటు అవతల రిక్షా ఆగింది. చేతికి కట్టుతో జగదీశ్వర్ తల్లి అందులోనే ఉండిపోయింది. దిగిన జగదీశ్వర్ భుజాన పాప, చేతిలో మందు సీసా. ఇన్‌స్పెక్టరు సైకిలు చూసి, పిల్ల టీచరమ్మదని తెలిస్తే ఆమెకు ముప్పని, అతను వెనక్కి తగ్గాడు. పాప మాత్రం తల్లిని చూసేసింది.

"అమ్మా!"

వేదవతి చేతిలో సుద్దముక్క విరిగింది. చీపురు పారేసి రామమ్మ పరుగెత్తింది. "వస్తున్న బిడ్డా!" పాపను చంకనెత్తుకుని తెచ్చి తరగతి మూలన కూర్చుంది.

"ఎవరీ పిల్ల?" అన్నాడు విశ్వేశ్వరరావు.

"నా మనుమరాలు సార్. జరమొచ్చింది."

"జ్వరంతో ఉన్న పిల్లను బడికి తెస్తావా? దీని తల్లేది?"

"పనిల ఉన్నది సార్."

వేదవతి నల్లబల్ల వైపే తిరిగి నిలబడింది. నాలుగడుగుల దూరంలో పాప మూలుగుతోంది. నుదుటి మీద చెయ్యి వెయ్యాలంటే ఆయన లేచిపోవాలి. తరగతిలో నలభై ఒక్క పలకలు. ఆయన ఇంకా మూడో పలక దగ్గరే ఉన్నాడు.