సహాయకుల సంతకం

బోర్డులు రాసేవాడికి నిచ్చెన లేకపోతే బతుకు లేదు. ఆ నిచ్చెన మీంచే జారి ఎడమ మోకాలి లిగమెంటు తెంపుకున్నాను. డాక్టరు తొడ వెనక నుంచి తీసిన స్నాయువుతో కొత్తది అమర్చి, ఇక అంతా నీ చేతుల్లోనే ఉందన్నాడు. నా చేతుల్లో కాదు, ఇంకొకరి చేతుల్లో ఉందని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాక తెలిసింది.

ఆవిడ ఒక కాగితం ఇచ్చింది. అందులో తేదీ, ఎన్నిసార్లు వంచారు, సహాయకుల సంతకం. రోజూ నేను బోర్లా పడుకుంటే ఎవరో ఒకరు మడమ పట్టుకుని మోకాలు మెల్లగా వంచాలట. ఆరో వారానికి తొంభై డిగ్రీలు వంగకపోతే మళ్ళీ మత్తిచ్చి వంచాలట. అప్పటికీ రాకపోతే నిచ్చెన సంగతి మర్చిపోవడమేనట. ఇంట్లో ఎవరున్నారని అడిగితే అక్క ఉందన్నాను.

అక్క ఉన్న మాట నిజమే. కాకపోతే నా ఇంట్లో లేదు. నాలుగేళ్ళ కిందట తన కొట్టుకి బోర్డు రాసిస్తే, రంగు బాగాలేదంది. నాకు ఒళ్ళు మండి బోర్డంతా నల్లరంగు పులిమి వచ్చేశాను. మళ్ళీ మాటల్లేవు.

రోజూ పొద్దున్నే మడమకు తువ్వాలు కట్టి నేనే లాక్కునేవాణ్ణి. నొప్పి మొదలవగానే చెయ్యి దానంతటదే వదిలేసేది. నా చేతికి నా మీద ఉన్న జాలి అంతా ఇంతా కాదు. తర్వాత కాగితం తీసి అక్క సంతకం పెట్టేవాణ్ణి, ఓ రోజు తొందరగా పెట్టినట్టు, ఓ రోజు తీరిగ్గా పెట్టినట్టు. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తంలో ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు అనిపించేది ఆ ఒక్క నిమిషమే.

ఐదో వారం ఆవిడ కొలిచింది. అరవై ఐదు. కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. ప్రతి సంతకం కిందా పెన్సిలుతో గీసి చెరిపేసిన సన్నటి గీత. ఇరవై ఏళ్ళుగా వరస వంకర పోకుండా ముందు గీత కొట్టుకోనిదే బోర్డు మీద ఒక్క అక్షరం రాసి ఎరగను. దొంగ సంతకానికీ గీత కొట్టుకున్నాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి.

"సంతకం నాకెందుకండీ," అంది. "మీరు వదిలెయ్యమన్నా వదలని చెయ్యి కావాలి మీకు."

ఇంటికొచ్చి ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. బోర్డు విషయంలో తప్పు నాదేనని ఎలా చెప్పాలో మూడుసార్లు కూడబలుక్కున్నాను. తీరా అక్క గొంతు వినగానే ఒక్క ముక్కా గుర్తు రాలేదు. మోకాలనీ, ఆపరేషననీ, వంగడం లేదనీ ఏదో చెప్పాను. అవతల పట్టపగలు కొట్టు షట్టరు కిందికి లాగుతున్న చప్పుడు వినిపించింది.

"ఏ కాలురా?" అంది అక్క.