ఎరువు సొమ్ము

యాసిడ్ తొట్టిలోకి కడ్డీ దిగుతోంది. అవతలి కొస పట్టుకున్న బాబాయ్ చెయ్యి జారింది. కడ్డీ కొక్కేలకు వేలాడే కుళాయిలన్నీ ఒక్కసారిగా మునిగాయి. లేచిన తుంపర సరిగ్గా అతని కళ్ళలో పడింది.

కేక వెయ్యలేదు. "నీళ్ళమ్మా" అన్నాడు, అంతే.

ఇవతలి కొస పట్టుకున్నది కొక్కేలక్క. కుళాయిలకు మెరుపు పూత వేసే ఆ షెడ్డులో వాటిని కొక్కేలకు తగిలించేది ఆమే. ఆ పేరలా వచ్చింది. బకెట్ల కొద్దీ నీళ్ళు అతని ముఖాన పోస్తుంటే సూపర్‌వైజరు తీరిగ్గా వచ్చాడు.

"చూసుకుని దించొద్దూ? ముసలాణ్ణి ఇంటికి పంపించు. ఇంకొకళ్ళని జత చేసుకుని పని కానివ్వు."

"కళ్ళద్దాలూ గ్లౌజులూ ఇవ్వండి, కానిస్తా. స్టోరులో ఉన్నాయిగా సార్."

"ఉన్నాయి. నీకోసం కాదు."

నిజమే. తనిఖీ ఆఫీసరు వచ్చే రోజున పెట్టెలు తెరిచి గ్లౌజులు, మాస్కులు, కళ్ళద్దాలు పంచుతారు. ఆయన కారు గేటు దాటగానే కడిగి, తుడిచి, మళ్ళీ తాళం వేస్తారు. పెళ్ళికి అడిగి తెచ్చుకుని తిరిగిచ్చేసే నగల్లాగా, షెడ్డులో వాటిని 'ఎరువు సొమ్ము' అంటారు. మిగతా రోజుల్లో చేతులకు గ్రీజు రాసుకుని దిగడమే. గ్రీజు కూడా రాసుకోనివాడు మొనగాడు. చర్మం మొద్దుబారడమే పనితనమని నమ్మారు వాళ్ళు. కూలివాడు తన గాయాన్ని చూసి తానే మురిసిపోతుంటే యజమానికి అంతకన్నా ఏం కావాలి?

ఆమె కడ్డీ ముట్టలేదు. సూపర్‌వైజరు ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. తొట్లకెదురుగా ఒక స్టూలు వేయించాడు.

"కూర్చో. దీంతో ఎవరు మాట్లాడితే వాళ్ళకీ పక్కనే స్టూలు. స్టూలెక్కినవాళ్ళకి కూలి లేదు."

కూర్చుంది. పని ఎరిగిన చేతులకు ఖాళీ ఎంత బరువో అప్పుడు తెలిసింది. అన్నం డబ్బా తెరిస్తే పక్క బెంచీ ఖాళీ అయ్యేది. ఆమె నీళ్ళ కుండ దగ్గరికి వెళితే అక్కడున్నవాళ్ళకు దాహం తీరిపోయేది. రోజూ ఆమె డబ్బాలో చెయ్యిపెట్టి తినే గలగల, నోరు మూతపడదని షెడ్డంతా కలిసి పేరు పెట్టిన మనిషి, ఇప్పుడు నేల చూసుకుంటూ నడిచేది. ఇంటికొచ్చి తాళం తీస్తూ "వచ్చానే" అని గోడలకు చెప్పేది కొక్కేలక్క. రోజుకొక్కసారైనా తన గొంతు తను వినాలని.

ఒక సాయంత్రం బాబాయ్‌ని చూడబోయింది. ఒక కన్ను పోయింది. రెండోది మసక.

"నాకోసం కూర్చున్నావటగా. పోయిన కన్ను నువ్వు కూర్చుంటే వస్తుందా తల్లీ?"

"నీకోసం కాదు బాబాయ్. నాకింకా రెండున్నాయి, వాటికోసం."

"ఒక్కదానివే ఎన్నాళ్ళని?"

ఆమె లేచి ఇంటిదారి పట్టింది. ఇక నావల్ల కాదు, రేపు కడ్డీ పట్టుకుంటానని చెప్పేద్దాం అనుకుంది. ఆ మాటతోనే మర్నాడు షెడ్డులో అడుగుపెట్టింది.

పెట్టెలు తెరిచి ఉన్నాయి. స్టూలు మాయమైంది. సూపర్‌వైజరు ఆమె మీదికి గ్లౌజులు విసిరాడు.

"తొడుక్కుని గలగలకు జతగా నిలబడు. ఆఫీసరు అడిగితే రోజూ ఇస్తారని చెప్పు."

ఆఫీసరు ఏమీ అడగలేదు. సూపర్‌వైజరు భుజం మీద చెయ్యేసి నవ్వుకుంటూ తొట్ల మధ్య నడిచాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్కూ నోరూ మూసే మాస్కులు కట్టుకుని అందరూ ఒకేలా ఉన్నారు.

"అక్కా, తిన్నావా?"

కొక్కేలక్క చటుక్కున తలతిప్పింది. ఏ నోరు కదిలిందో కనపడలేదు. సూపర్‌వైజరూ తిరిగి చూశాడు. అతనికీ కనపడలేదు.

"బాబాయ్ ఎలా ఉన్నాడు?" ఈసారి వెనకనుంచి.

"ఒక కన్ను పోయింది."

కడ్డీ ఒకటి లేచి, పక్క తొట్టిలోకి దిగింది.

"మామీద కోపమా అక్కా?" ఇది కచ్చితంగా గలగల గొంతే.

"కోపం దేనికి? మాటల్లేక చెవులు మాడిపోయాయి, అంతే."

"కాసేపట్లో ఇవి తీసెయ్యమంటాడు."

పొద్దున తెచ్చుకున్న మాట నోటిదాకా రాలేదు. "నేను తియ్యను" అంది.

"ఒక్కదానివే తియ్యకపోతే గెంటేస్తాడు."

"అందుకే నీకు చెప్తున్నా."

ఆ మాట తొట్టి నుంచి తొట్టికి పాకింది. ఒకడు "పిల్లలున్నారక్కా" అన్నాడు. "వాళ్ళ మొహాలు చూడ్డానికి కళ్ళుండాలి కదరా" అన్నాడు పక్కవాడు.

కారు గేటు దాటింది.

"ఇక తియ్యండి."

ఎవరూ తియ్యలేదు. పనీ ఆపలేదు. కడ్డీలు దిగుతూనే ఉన్నాయి, లేస్తూనే ఉన్నాయి.

"చెవుడొచ్చిందా అందరికీ?" సూపర్‌వైజరు నేరుగా కొక్కేలక్క దగ్గరికొచ్చాడు. "నీ పనే ఇది. తియ్యి."

ఆమె గ్లౌజులు మణికట్టు దాకా తొట్టిలో ముంచి, రెండు చేతులూ ముందుకు చాపింది.

"తీసుకోండి సార్."

గ్లౌజుల నుంచి కారిన చుక్కలు సిమెంటు నేలమీద బుస్సున పొంగాయి. సూపర్‌వైజరు చెయ్యి సగంలో ఆగిపోయింది. గలగల వైపు తిరిగాడు. ఆమె కూడా ముంచి చాపింది. ఆ వెనకవాడూ అంతే. తొట్ల వెంట వరసగా తడి చేతులు.

"స్టోరులోంచి నాకో జత గ్లౌజులు పట్రా" అని అరిచాడు.

"లేవు సార్" అన్నాడు స్టోరువాడు. "అన్నీ వీళ్ళ చేతులకే ఉన్నాయి."

సూపర్‌వైజరు ఆఫీసుగదిలోకి పరుగెత్తాడు. అద్దం వెనక ఫోనెత్తడం అందరికీ కనిపించింది.

"పోలీసుల్ని పిలుస్తున్నాడక్కా" అన్నారెవరో వెనకనుంచి.

"రానీ" అంది గలగల కడ్డీ కొస అందుకుంటూ. "వాళ్ళూ ఉత్త చేతులతోనే కదా వచ్చేది."