పేరు వచ్చే చోట

కూతురి పెళ్లి పనులన్నీ రంగుల షాపాయన ముందే లెక్క వేసుకున్నాడు. కుర్చీలు, మైకు, వాన వస్తే కట్టాల్సిన పరదా, కరెంటు పోతే జనరేటరు. ఏది ఎక్కడ తప్పినా వెనకాల ఇంకోటి సిద్ధంగా ఉంది. దేవుడి పేరు దగ్గర తేడా వస్తుందని మాత్రం ఆయన లెక్కలో లేదు.

పెళ్లికొడుకుకు తల్లీ తండ్రీ లేరు, నానమ్మే పెంచింది. వాళ్లది ఫాదర్ ఉండే చర్చి, వీళ్లది పాస్టర్ ఉండే చర్చి. రెంటికీ మధ్య రెండు వీధులు. పెళ్లి పాస్టర్ చర్చిలో జరగాలి, చివరి దీవెన ఫాదర్ చెప్పాలి, అదీ ఒప్పందం. పెళ్లికొడుకు ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దీవెనప్పుడు ఇంటికి పెద్ద కొత్తకోడలి తల మీద చెయ్యి పెట్టాలి, వచ్చినవాళ్లంతా ఆ దీవెన ఫాదర్‌తో కలిసి గట్టిగా చెప్పాలి. ఆ చెయ్యి పడకపోతే వాళ్ల లెక్కలో పెళ్లి అయినట్టు కాదు.

పెళ్లి శనివారం. గురువారం సాయంత్రం రెండు వైపులవాళ్లూ చర్చిలో కలిసి ఒకసారి చెప్పి చూశారు. దీవెనలో మొదటి మాటే దేవుడి పేరు. ఈ వైపు వాళ్లు యెహోవా అన్నారు. ఆ వైపు వాళ్లు సర్వేశ్వరుడు అన్నారు. రెండూ గాల్లో గుద్దుకుని ఏదీ వినపడలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నానమ్మ పెళ్లికూతురి తల మీంచి చెయ్యి తీసేసింది.

"సర్వేశ్వరుడి పేరునైతేనే చెయ్యి పెడతాను. లేదంటే మీరూ మీరూ కానిచ్చుకోండి," అంటూ చేతికర్ర కోసం చూసింది.

"అదేం పేరండీ, ఎవరికి పెట్టినా సరిపోతుంది," అంది షాపాయన భార్య. "మా బైబిల్లో ఆయన పేరు శుభ్రంగా రాసి ఉంది."

"ఉంటే మీ ఇంట్లో చదువుకో తల్లీ. నేనొద్దన్నానా?"

పెళ్లికొడుకు షాపాయన్ని పక్కకు పిలిచాడు. "మామయ్యగారూ, నానమ్మ చెయ్యి లేకుండా నేను నిలబడలేను. ఏమీ అనుకోకండి."

అనుకోవడానికేముంది? కూతురు అక్కడే నిలబడి అంతా వింటోంది. దాని మొహం చూడలేక షాపాయన ఫ్యాన్ వైపు చూశాడు.

శుక్రవారం పొద్దున్నే ముసలావిడ ఇంటికి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా తెల్ల రంగు అమ్ముతున్నవాడు ఆయన. ఒక కంపెనీ ముత్యం అంటుంది, ఇంకో కంపెనీ వెన్న అంటుంది. గోడకు పూశాక ఏది ఏదో అమ్మినవాడే చెప్పలేడు. ఆ మాటే ఆవిడకు చెప్పాడు. పేర్లు వేరైనా డబ్బాలో సరుకు ఒక్కటే కదా పెద్దమ్మగారూ, అన్నాడు.

"అయితే దేవుణ్ణి ఎన్ని పూతలు వెయ్యమంటావు అబ్బాయ్?" అంది ఆవిడ. "రెండా, మూడా?"

షాపాయన నాలుక కరుచుకున్నాడు. లేచిపోవడానికి చెప్పుల కోసం చూస్తుంటే ఆవిడే మళ్లీ మాట్లాడింది.

"వీడికి నాలుగేళ్లప్పుడు వాళ్ల అమ్మా నాన్నా ఒకేసారి లారీ కింద పోయారు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాను. చిన్నప్పట్నుంచీ నేర్చుకున్న జపాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఈ పేరొక్కటే వచ్చింది. చీకటి పడేదాకా అదే అంటూ ఉన్నా. ఇప్పుడది కాదు, ఇంకోటి అనమంటావు. మరి ఆ రోజు నేను పిలిచింది ఎవర్నయ్యా?"

దారంతా షాపాయనకు ఆ ప్రశ్నే. పోనీ భార్యను తగ్గమందామంటే, కాన్పులో రెండు రోజులు కొట్టుకులాడినప్పుడు తను యెహోవా పేరే పట్టుకుని బయటపడింది. బేరమన్నాక ఎవరో ఒకరి దగ్గర తగ్గించుకోవడానికి కొంచెమైనా ఉండాలి. ఇక్కడ ఇద్దరి దగ్గరా లేదు.

ఫాదర్ పాత భాషలు చదువుకున్న మనిషి. షాపాయన వెళ్లేసరికి కరిగిన కొవ్వొత్తి ముక్కలు ఏరి డబ్బాలో వేస్తున్నాడు.

"మొదట్లో అది హెబ్రీలో నాలుగక్షరాలు," అన్నాడు. "చదివేవాళ్లు ఆ చోటికి రాగానే ఆగి, ఆ పేరు పలకడానికి నోరు రాక, 'ప్రభువు' అనేవాళ్లు. తరాలు గడిచాక అసలు ఎలా పలకాలో గట్టిగా చెప్పేవాళ్లే లేకుండా పోయారు. తర్జుమా చేసినవాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. మీవాళ్లు ఆ అక్షరాలనే పేరుగా నిలబెట్టారు. మా పాతవాళ్లు మన భాషలో ఉన్న మాట తెచ్చుకున్నారు."

"ఇంతకీ ఏది సరైంది ఫాదర్?"

"నన్నడిగితే మా వైపు చెప్తాను. పాస్టర్‌నడిగితే మీ వైపు చెప్తాడు."

షాపాయన కూడా ఒక కొవ్వొత్తి ముక్క ఏరి డబ్బాలో వేశాడు. "ఆ చోట ఆగేవాళ్లన్నారు కదా. ఆ ఆగడం నాకిప్పించండి. దీవెన మీరొక్కరే చదవండి. పేరు వచ్చే చోట ఆగండి. ఎవరి నోట్లో ఉన్నది వాళ్లు మెల్లగా అనుకుంటారు. మూడు లెక్కపెట్టి మిగతాది చదివెయ్యండి."

"మూడు చాలదు, ఐదు."

"నాలుగు చేసుకోండి ఫాదర్."

పాస్టర్ ఫోన్లో కాస్త నసిగాడు. పేరు తీసేస్తే ఎలాగన్నాడు. తియ్యడం లేదండీ, ఎవరిది వాళ్లకు అప్పజెబుతున్నాం, అన్నాడు షాపాయన. భార్య రెండుసార్లు అడిగించుకుని సరేనంది. నానమ్మ మాత్రం తేల్చలేదు. "వస్తాను. చెయ్యి సంగతి అక్కడ చూస్తా," అంది.

శనివారం చర్చి నిండిపోయింది. ప్రమాణాలయ్యాయి, ఉంగరాలయ్యాయి. ఫాదర్ పుస్తకం తెరిచి, పేరు వచ్చే చోట ఆగాడు.

షాపాయన లోపల లెక్కపెట్టుకున్నాడు. ఒకటి. పక్కన భార్య పెదవులు కదిలాయి. రెండు. ముసలావిడ చెయ్యి ఇంకా కర్ర మీదే ఉంది. మూడు. కూతురు తల వంచుకునే ఉంది.

నానమ్మ కర్ర మనవడి చేతిలో పెట్టి, రెండు చేతులూ పిల్ల తల మీద వేసింది. పేరు ఒక్కసారి అని ఊరుకోలేదు. మెల్లగా, ఊపిరి తీసుకున్నప్పుడల్లా, మళ్లీ మళ్లీ అంటూనే ఉంది. నాలుగు దాటింది, ఐదూ దాటింది. ఫాదర్ పుస్తకంలోంచి తలెత్తి చూసి, నోరు తెరవలేదు. ఇంకా సమయం ఉందని చూసి షాపాయన భార్య కూడా తను పిలిచే పేరు మళ్లీ అందుకుంది. ఆమె వెనక బెంచీలవాళ్లూ అందుకున్నారు. పది దాటాక షాపాయనకు లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు.

ఎప్పటికో ముసలావిడ చేతులు తీసి, కళ్లు తుడుచుకుంది.

"ఊఁ, చదవండి," అంది ఫాదర్‌తో.